వైజాగ్‌లో మూడు రోజులు, ఐదుగురం, ఒకే ఒక్క రూల్ (ఎపిసోడ్ పూర్తి పాఠం)

పెళ్లయిన కొత్తలో ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఫ్రెండ్స్‌తో కలిసి ట్రిప్‌కి వెళ్తే మన ఇద్దరికీ టైమ్ దొరుకుతుందా, లేక ఇద్దరమే వెళ్తే మంచిదా అని. దీనికి నా దగ్గర పెద్ద థియరీలేం లేవు. డిసెంబర్ రెండో వారంలో మేం వైజాగ్ వెళ్లొచ్చాం. అక్కడ ఏం జరిగిందో చెప్తాను, మీకు పనికొచ్చేది మీరు తీసుకోండి.

ముందు మేమెవరో చెప్పాలి. మాది హైదరాబాద్ కాపురం. నేను గోదావరి వైపు అమ్మాయిని, మా ఆయనది కరీంనగర్. నీళ్లు అంటే ఆయనకి మానేరు డ్యామే. ఈత రాదు. ఇద్దరం ఉద్యోగం చేస్తాం, కానీ నాది పగలు, ఆయనది నైట్ షిఫ్ట్. నేను ఇంటికొచ్చేసరికి ఆయన బయల్దేరుతుంటాడు. ఒకే ఇంట్లో ఉంటూ వాట్సాప్‌లో మాట్లాడుకునే బ్యాచ్ అన్నమాట. మాతో వచ్చింది ఇంకో జంట, ఇంకా మా ఆయన కాలేజీ ఫ్రెండ్ ఒకడు, పెళ్లికాలేదు. మొత్తం ఐదుగురం.

బయల్దేరే ముందు గ్రూపులో ఒక లిస్టు తయారైంది. చూస్తే నాకు కళ్లు తిరిగాయి. మూడు రోజుల్లో పద్దెనిమిది ప్లేసులు! అరకు కూడా ఉంది అందులో. అరకు అంటే వైజాగ్ నుంచి దాదాపు నూట పదిహేను కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. పోయిరావడానికే ఒక రోజు అయిపోతుంది. రిలాక్స్ అవ్వడానికి వెళ్తూ ఆఫీసు కంటే టైట్ షెడ్యూల్ ఎందుకు అని నేను, ఆ రెండో జంటలో అమ్మాయి, ఇద్దరం కూర్చుని ఒకే ఒక్క రూల్ పెట్టాం. ఎవరైనా సరే, ఎప్పుడైనా సరే, "నేను రాను" అనొచ్చు. అన్నవాళ్లని "ఎందుకు" అని అడగకూడదు, "బోర్ కొట్టకురా" అనకూడదు. అంతే. మగవాళ్లు నవ్వారు. నవ్వినా ఒప్పుకున్నారు.

రెండో విషయం డబ్బులు. ఇది మొహమాటపడి ఎవరూ ముందు మాట్లాడరు, వెనక్కొచ్చాక నెల రోజులు మనసులో పెట్టుకుంటారు. మాకు మూడు రూములు కావాలి. రూముకి రాత్రికి 2,500. రూము లెక్కన పంచితే జంటల్లో ఒక్కొక్కరికి 1,250, ఒంటరిగా వచ్చినవాడికి పూర్తిగా 2,500. పెళ్లికాకపోవడం వాడు చేసిన నేరమా చెప్పండి? అందుకని మొత్తం 7,500ని ఐదుతో భాగించాం. తలకి 1,500. మాకు తలా 250 ఎక్కువైంది, వాడికి 1,000 తగ్గింది. తిండి మాత్రం ఎవరిది వాళ్లే. ఎందుకంటే రెండో జంటలో అబ్బాయి శాకాహారి, పక్కన రొయ్యల వేపుడు, వంజరం ఫ్రై బిల్లు వేలల్లో అవుతుంటే అతను పెరుగన్నం తిని అందులో వాటా ఇవ్వడం ఏం న్యాయం?

ఇక రైలు. సికింద్రాబాద్ నుంచి వందే భారత్ ఉంది, 2023 జనవరిలో మొదలైంది, ఎనిమిదిన్నర గంటలు అటూ ఇటూగా పడుతుంది. మేం మాత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. 1974 నుంచి నడుస్తున్న బండి అది, మా ఇళ్లల్లో దాన్ని బండి అనుకోరు, చుట్టం అనుకుంటారు. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్. ఒక పగలు మిగులుతుంది.

మొదటి రోజు సాయంత్రమే మావాళ్లకి పెద్ద షాక్. సన్‌సెట్ ఫొటోల కోసం ఆర్కే బీచ్‌కి వెళ్లారు. సూర్యుడు సముద్రంలో దిగడే! వెనకాల బిల్డింగుల వైపు దిగిపోయాడు. గోవా రీల్స్ చూసి చూసి మన బుర్రల్లో బీచ్ అంటే సన్‌సెట్ అని పడిపోయింది. ఇది బంగాళాఖాతం అండీ, మనకి తూర్పున ఉంది. ఇక్కడ సముద్రంలోంచి పొద్దు పొడుస్తుంది. పైగా వైజాగ్ బాగా తూర్పుకి ఉంది కాబట్టి డిసెంబర్‌లో ఐదున్నర లోపే పొద్దు గూకుతుంది. ఐదింటికి రూములోంచి తీరిగ్గా బయల్దేరితే బీచ్‌కి వెళ్లేసరికి చీకటే. అదే పొద్దున్నయితే ఆరుంబావు ప్రాంతంలో సూర్యుడు వస్తాడు. ఆ టైమ్‌లో బీచ్ రోడ్డు మీద బళ్లు తిరగనివ్వరు, ఊరంతా నడుస్తూ ఉంటుంది. ముసలివాళ్లు, స్కేటింగ్ పిల్లలు, మధ్యలో మజ్జిగా రాగిజావా అమ్మేవాళ్లు. నాకు వైజాగ్‌లో అన్నింటికన్నా నచ్చింది ఆ గంట.

రెండో రోజు పొద్దున మేమిద్దరమే లేచాం. మిగతా ముగ్గురూ రూల్ వాడుకున్నారు, "మేం రాము" అని మెసేజ్ పెట్టి దుప్పటి ముసుగేశారు. వాళ్లు అలా పడుకోవడం వల్లే మాకు ఆ పొద్దు దొరికింది. కాళీమాత గుడి దగ్గర మెట్ల మీద కూర్చుని టీ తాగాం. ఆర్కే అంటే రామకృష్ణ అనీ, పక్కనే ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల ఆ పేరు వచ్చిందనీ మా ఆయనకి అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ ఎవరో హోటల్ ఓనర్ పేరు అనుకున్నాడట.

సబ్‌మెరీన్ మ్యూజియం గురించి చాలా వీడియోలు ఉన్నాయి కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. ఐఎన్ఎస్ కురుసుర, 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002లో మ్యూజియం అయింది. సోమవారం సెలవు. లోపల వంగి వంగి నడవాలి, డెబ్బై మందికి పైగా మనుషులు ఆ ఇరుకులో నెలల తరబడి ఎలా ఉన్నారో చూస్తే, మన ఐదుగురికి మూడు రూములు చాలవని గొడవపడటం సిగ్గుగా అనిపిస్తుంది. ఎదురుగానే టీయూ-142 విమానం మ్యూజియం. రెండూ కలిపి రెండు గంటలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. యారాడ.

యారాడ బీచ్ ఊళ్లో ఉండదు. డాల్ఫిన్స్ నోస్ కొండకి అవతలి వైపు. సింధియా దాటి, ఘాట్ రోడ్డెక్కి, మళ్లీ కిందికి దిగాలి. ఎక్కుతున్నప్పుడు ఏమీ కనపడదు, ఒక మలుపు తిరగ్గానే పచ్చటి కొండల మధ్య పసుపు ఇసుక, నీలం నీళ్లు. కారులో అందరం ఒక్కసారి "అబ్బా" అన్నాం. జనం తక్కువ. మనూరి బీచ్‌లా బజ్జీల వాసన లేదు. మావాళ్లు చెప్పులు విడిచి పరిగెత్తారు.

మోకాళ్ల లోతు దాకా అందరం తడిశాం. కెరటాలు పెద్దవే, వచ్చి కొట్టి పోతున్నాయి. అప్పుడు మా ఆయన ఫ్రెండ్ కొంచెం పక్కకి వెళ్లి అరిచాడు. "రేయ్, ఇటు రండ్రా, ఇక్కడ అలలే లేవు. స్విమ్మింగ్ పూల్ లాగుంది!" నిజమే, చూశాం. రెండు పక్కలా తెల్లగా నురగ కక్కుతూ కెరటాలు విరుగుతున్నాయి. మధ్యలో ఒక పది పదిహేను అడుగుల వెడల్పున నీళ్లు నున్నగా, కొంచెం ముదురు రంగులో ఉన్నాయి. వాడికి ఈత వచ్చు, అపార్ట్‌మెంట్ పూల్‌లో రోజూ కొడతాడు. రెండో జంట కూడా అటు కదిలారు.

మా ఆయన కదల్లేదు. "మీరు గూడ ఆగుండ్రి. నాకు ఈత రాదు, నేనైతే దిగ" అన్నాడు.

మామూలుగా అయితే ఇక్కడ ఏం జరుగుతుందో మీకు తెలుసు. "ఏందిరా, పెళ్లయ్యాక భయమా?" అంటారు. "మీ ఆవిడ పర్మిషన్ ఇవ్వలేదా?" అంటారు. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి మరీ అంటారు. భార్య ముందు చిన్నతనం ఎందుకని మనిషి దిగుతాడు. నేను చెప్తున్నాను, నీళ్లలో పోయిన కుర్రాళ్ల వార్తలు చదివినప్పుడల్లా నాకు ఆ లాస్ట్ ఐదు నిమిషాల మాటలే గుర్తొస్తాయి, ఎవరు ఎవర్ని ఏమని పిలిచారో అని. ఆ రోజు మాత్రం మా ఫ్రెండ్ నోరు తెరిచి, రూల్ గుర్తొచ్చి, మూసేశాడు. ఒక్క క్షణం అందరం నిలబడిపోయాం.

ఆ క్షణంలోనే వెనకనుంచి కేక. పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న పెద్దాయన. "బాబూ! అటెళ్లకండి బాబూ. కెరటాల్లేవని దిగిపోకండి, అదే లాగీస్తాది." లేచి వచ్చి, అక్కడ పడున్న ఖాళీ కొబ్బరి బొండాం ఒకటి తీసి ఆ నున్నటి నీళ్లలోకి విసిరాడు. మేం చూస్తూ నిలబడ్డాం. అది ఒడ్డుకి రాలేదు. ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు తిన్నగా లోపలికి పోయింది. పక్కన కెరటాలన్నీ ఒడ్డుకి వస్తున్నాయి, అదొక్కటే ఎదురు పోతోంది. చిన్నదై, చుక్కై, కనపడకుండా పోయింది. ఎవరం మాట్లాడలేదు. మా ఫ్రెండ్ ఇసుకలో కూర్చుండిపోయాడు.

దీన్ని రిప్ కరెంట్ అంటారు. వచ్చాక కూర్చుని చదివాను, సింపుల్‌గా చెప్తాను. కెరటాలు ఒడ్డుకి నీళ్లు తెచ్చి పోస్తూనే ఉంటాయి. ఆ నీళ్లన్నీ మళ్లీ వెనక్కి వెళ్లాలి కదా. అడుగున ఇసుక మేట ఎక్కడ తెగి ఉంటే ఆ సందులోంచి అన్నీ కలిసి పోతాయి, కాలువలాగా. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి కెరటం విరగదు. అందుకే నురగ ఉండదు, ప్రశాంతంగా కనిపిస్తుంది. మనకి ప్రశాంతంగా కనిపించేదే అక్కడ ప్రమాదం. జోరుగా ఉన్నప్పుడు ఒలింపిక్ ఈతగాడి కంటే స్పీడుగా పోతుంది, ఎదురీది గెలవడం ఎవరి వల్లా కాదు.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకెళ్తుంది. మునిగేది అది ముంచడం వల్ల కాదు, ఒడ్డు వైపు ఈది ఈది అలిసిపోవడం వల్ల. కాబట్టి ఎప్పుడైనా చిక్కుకుంటే ఒడ్డుకి ఈదకండి. ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈదండి. ఆ కాలువ వెడల్పు తక్కువే ఉంటుంది, దాటేశాక కెరటాలు విరిగే చోటికి వస్తే అవే ఒడ్డుకి నెడతాయి. ఈత రాకపోతే వెల్లకిలా తేలడానికి ప్రయత్నించి, చెయ్యి పైకెత్తి కేకెయ్యండి. ఒడ్డున ఉన్నవాళ్లు వెనకే దూకొద్దు. ఒకరి కోసం ఇంకొకరు, ఇంకొకరి కోసం మరొకరు, అలా వరసగా పోయిన ఇళ్లున్నాయి. తేలేది ఏదైనా విసరండి, ఖాళీ వాటర్ క్యాన్ అయినా సరే, 112కి ఫోన్ చెయ్యండి, లైఫ్ గార్డునో మత్స్యకారులనో పిలవండి.

తమాషా ఏంటంటే, దేశం మొత్తానికి సముద్రం కబుర్లు చెప్పే సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది మన హైదరాబాద్‌లోనే, ప్రగతి నగర్‌లో. చుట్టూ ఎక్కడా సముద్రం లేని ఊళ్లో! ఏ తీరంలో కెరటాలు ఎత్తుగా ఉంటాయో వాళ్లు రోజూ హెచ్చరికలు ఇస్తారు. వెళ్లే ముందు రెస్టారెంట్ రివ్యూలు నలభై చదువుతాం కదా, ఇది ఒకటి చూసుకోండి.

నీళ్లలో దిగాలని గట్టిగా ఉన్నవాళ్లకి రిషికొండ ఉంది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది దానికి. అక్కడ స్నానానికి హద్దులు కట్టిన చోటు, లైఫ్ గార్డులు ఉంటారు. వాళ్లు విజిల్ వేస్తే బయటికి రండి, వాళ్లతో వాదన పెట్టుకోకండి. మర్నాడు మా ఫ్రెండ్ అక్కడే దిగాడు, హద్దు లోపలే. మా ఆయన అప్పుడు కూడా దిగలేదు, గట్టు మీద కూర్చుని మురీ మిక్స్చర్ తిన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

మురీ మిక్స్చర్ అంటే మనం హైదరాబాద్‌లో తినే మరమరాల మిక్స్చర్ కాదండోయ్. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, కారం, నిమ్మకాయ, కాగితం పొట్లంలో కలిపి ఇస్తారు. వెంటనే తినాలి, ఫొటో తీసుకుంటూ కూర్చుంటే మెత్తబడిపోతుంది. బీచ్ గాలికి ఎలాగూ సగం ఎగిరిపోతుందనుకోండి.

మూడో రోజు మధ్యాహ్నం మా వంతు. మేమిద్దరం "రాము" అన్నాం. వాళ్లు ముగ్గురూ తొట్లకొండకి వెళ్లారు. కొండ మీద పాత బౌద్ధ విహారం, రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు, అక్కడినుంచి సముద్రం చాలా బాగా కనిపిస్తుందట. నేను చూడలేదు, ఈసారి చూస్తాను. మేం బీచ్ రోడ్డు మీద 900కె బస్సెక్కి భీమిలి వెళ్లాం. క్యాబ్ అవసరం లేదు, కిటికీ పక్క సీటు దొరికితే చాలు. ఎడం చేతి వైపు కొండలు, కుడి చేతి వైపు సముద్రం. దారిలో ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల ఏళ్లుగా గాలీ వానా చెక్కిన ఎర్ర ఇసుక లోయలు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. సినిమా పాటల్లో చూసే ఉంటారు. మెత్తటి ఇసుక, ఎక్కి జారకండి, రాలిపోతుంది.

భీమిలి నిద్రపోతున్నట్టుండే ఊరు. ఒకప్పుడు డచ్చివాళ్ల ఓడరేవు, వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయింది. అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోట ఒడ్డున కూర్చున్నాం, చేతిలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. అరగంట ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత మా ఆయన నీళ్ల వైపు చూస్తూనే అన్నాడు, "నైట్ షిఫ్ట్ బంద్ జేద్దామనుకుంటున్న. అలవెన్స్ పోతది. నెలకు ఎనిమిది వేలు."

ఈ మాట ఆయన ఎప్పటినుంచో అనుకుంటున్నాడట. ఇంట్లో అనడానికి ఇద్దరం ఒకసారి మెలకువగా ఉండాలి కదా! ఫ్రెండ్స్ ముందు అనడు, వాళ్లలో ఒకడు అదే కంపెనీ. శనక్కాయల పొట్లం మీద పెన్నుతో లెక్క రాశాను. ఎనిమిది వేలు పోతే ఏం ఆగుతాయి, కారు ఈఎంఐ వాయిదా వెయ్యొచ్చా, నేను రెండేళ్లు చిట్టీ కట్టగలనా. పూర్తిగా తేలలేదు. కానీ కారు ఇప్పుడు వద్దు అనేది మాత్రం తేలింది. ఆ పొట్లం కాగితం నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది, నూనె మరకలతో సహా. ఫిబ్రవరి నుంచి ఆయనకి పగటి షిఫ్ట్ ఇచ్చారు. చిట్టీ నడుస్తోంది, కష్టంగానే.

ఇద్దరే వెళ్లుంటే ఈ మాట వచ్చేది కాదా అంటే, వచ్చేదేమో. కానీ మూడు రోజులూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ "ఇప్పుడు మాట్లాడాలి" అని కూర్చుంటే మాటలు రావు, నా అనుభవం అది. పొద్దంతా నలుగురితో నవ్వి, ఆ ఒక్క పూట విడిగా వెళ్తే వచ్చాయి. మీకు వేరేలా ఉండొచ్చు.

చివర్లో ఒకటి రెండు పని మాటలు. నవంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. అక్టోబర్‌లో బుక్ చేసుకునేవాళ్లు క్యాన్సిల్ చేసుకునే వీలున్నవే తీసుకోండి, అది తుఫాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి ఈ ఊరి చెట్లన్నీ కూల్చేసింది, వైజాగ్ వాళ్లని అడగండి, ఆ రోజు ఎక్కడున్నారో గంటగంటకీ చెప్తారు. తిరుగు ప్రయాణంలో మాడుగుల హల్వా తెచ్చుకోండి. గోధుమ పాలు పులియబెట్టి, నెయ్యితో చేస్తారు. పావుకిలో అని మొదలుపెట్టి మేం రెండు కిలోలు కొన్నాం. విజయవాడ వచ్చేసరికి ఒకటే కిలో మిగిలింది.

ఈ ట్రిప్ ఖర్చు లెక్క మొత్తం వచ్చే ఎపిసోడ్‌లో వివరంగా చెప్తాను. మా గ్రూపులో అప్పుడే నెక్స్ట్ ట్రిప్ పుదుచ్చేరి అని మొదలైంది. మా ఫ్రెండ్ లిస్టు పంపాడు. ఇరవై రెండు ప్లేసులు. కింద నేను ఒక్కటే రిప్లై ఇచ్చాను, "నేను రాను" అని. ఎందుకు అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. లిస్టు మాత్రం రాత్రికి ఆరుకి వచ్చింది. ఉంటానండీ మరి, బై.